ప్రార్థన అలవాటు నిలబడాలంటే: మొదటి రోజు నుంచి తప్పిపోయిన రోజు దాకా

కొన్నేళ్ళ కిందట ఒక జనవరి 1న పెద్ద తీర్మానమే చేసుకున్నాను. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, గంటసేపు ప్రార్థన. కొత్త నోటుబుక్కు కొన్నాను, రెండు అలారాలు పెట్టాను. సరిగ్గా పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు జ్వరం. పదమూడో రోజు జ్వరం తగ్గింది కానీ లేవలేదు. పద్నాలుగో రోజు మెలకువ వచ్చింది, కూర్చోవడానికి మొహం చెల్లలేదు. అంతే, ఆ ఏడాదికి ప్రార్థన అయిపోయింది. ఆరంభశూరత్వం అంటే ఏమిటో చూపించడానికి ఆ నోటుబుక్కు చాలు. పదకొండు పేజీలు నిండాయి, మిగతాదంతా తెల్లగా మిగిలింది.

తరవాత ఆలోచిస్తే అర్థమైంది. నన్ను దెబ్బ తీసింది పన్నెండో రోజు జ్వరం కాదు, పద్నాలుగో రోజు సిగ్గు. మొదలుపెట్టడం ఎలాగో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మానేశాక మళ్ళీ ఎలా వచ్చి కూర్చోవాలో చెప్పేవాళ్ళే తక్కువ. అందుకే ఇందులో రెండోదానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను. మీది ఏ మతమైనా, మీ ప్రార్థన జపమైనా, నమాజ్ అయినా, మోకరించి మాట్లాడుకోవడమైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

1. ముందు కొలత తగ్గించుకోండి

ఎంతసేపు ప్రార్థించాలి అని కాకుండా, నా జీవితంలో వచ్చే అతి చెడ్డ రోజున ఎంత చేయగలను అని అడగండి. ఆ రోజును కళ్ళ ముందుకు తెచ్చుకోండి. పనిలో చీవాట్లు పడ్డాయి, పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది, మీరు ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర, కాళ్ళు పీకేస్తున్నాయి. ఆ రోజున కూడా చేయగలిగింది ఏదో అదే మీ కొలత.

నాకు అది మూడు నిమిషాలు. కళ్ళు మూసుకుని రెండు నిండు శ్వాసలు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థన ఒకటి. నిన్నటి రోజులో ఒక మంచి విషయానికి కృతజ్ఞత. ఎవరిదో ఒకరి పేరు. కాసేపు మౌనం. ఇంతే. మనసు కుదిరిన రోజు అది అరగంట దాకా సాగుతుంది, సాగనివ్వండి. కానీ లెక్కలోకి తీసుకునేది మూడు నిమిషాలే. మంచి రోజు చేసిన అరగంటను మర్నాటికి రూలుగా మార్చేయడం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. నేనూ రెండుసార్లు తిన్నాను.

ఇంత చిన్న ప్రార్థన దేవుడికి ఆనుతుందా అని అనుమానం వస్తుంది. కొంచెమే అయినా మానకుండా చేసే పనే దేవుడికి అన్నిటికన్నా ఇష్టమని ముహమ్మద్ ప్రవక్త అన్నట్టు హదీసుల్లో ఉంది. సాధన గట్టిపడడానికి పతంజలి మూడు షరతులు చెప్పాడు: చాలాకాలం చేయాలి, ఎడతెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. రోజుకు ఎన్ని గంటలు అన్న మాట అందులో లేదు.

ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. మీ మతంలో విధిగా చేయాల్సిన ప్రార్థనలుంటే వాటిని కత్తిరించుకోమని నేను చెప్పడం లేదు. వాటికి పైన మనంతట మనం నెత్తికెత్తుకునే బరువు గురించే ఈ మాటలు.

2. గడియారానికి కాదు, ఏదైనా పనికి ముడిపెట్టండి

"రేపటి నుంచి పొద్దున ఆరింటికి" అనుకుంటే ఆరు దాటిందంటే ఆ రోజు పోయినట్టే. ఆరూ ఐదుకు కూడా చేయొచ్చు, కానీ మనసు ఒప్పుకోదు. "పళ్ళు తోముకుని బ్రష్ కింద పెట్టగానే" అనుకున్నారనుకోండి, ఏ వేళకు లేచినా ఆ బ్రష్ కింద పెట్టక తప్పదు కదా.

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో దీని మీద చాలా పని చేశారు. "ఫలానాది చేస్తాను" అని ఊరికే అనుకునేవాళ్ళ కన్నా, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్ళు ఆ పనిని ఎక్కువగా పూర్తి చేస్తారని ఆయన చూపించారు. పాత సంప్రదాయాలకు ఇది కొత్తేమీ కాదు. సంధ్యావందనం రాత్రీ పగలూ కలిసే వేళను పట్టుకుంటుంది. ఐదు పూటల నమాజ్ వేళలు సూర్యుడి కదలికను బట్టి మారుతుంటాయి. గోడ గడియారాలు రాకముందు ప్రార్థనను తగిలించుకోవడానికి అందరికీ కనిపించే కొక్కెం ఆకాశమే.

మీ కొక్కేన్ని ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. అది రోజూ తప్పకుండా జరిగే పని కావాలి, అది ఎప్పుడు ముగిసిందో ఖచ్చితంగా తెలియాలి. "ఖాళీ దొరికినప్పుడు" అనేది కొక్కెం కాదు. "పడుకునే ముందు" కూడా అంత గట్టిది కాదు. పడుకునే ముందు అనేది సాగుతూ సాగుతూ నిద్రలోకి జారిపోతుంది. రాత్రి పూటే కావాలనుకుంటే "లైటు ఆర్పే ముందు, మంచం పక్కన నిలబడి" అనుకోండి. మంచం ఎక్కాక మొదలుపెట్టిన ప్రార్థనల్లో చాలావాటికి చివరి మాట ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళకు పొద్దు, మాపు అన్న తేడా పనిచేయదు. "డ్యూటీ బట్టలు మార్చుకోగానే" అన్నది పనిచేస్తుంది. చంటిబిడ్డ ఉన్న తల్లికి ఏ కొక్కెమూ తన చేతిలో ఉండదు. బిడ్డకు పాలు పడుతున్న ఆ పది నిమిషాలనే వాడుకోవడం మేలు. చేతులు జోడించలేకపోయినా పర్వాలేదు.

తేల్చుకున్నాక ఒక కాగితం మీద ఇలా రాయండి: "నేను ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఫలానా ప్రార్థన చేస్తాను." రాసినప్పుడే తెలుస్తుంది, ఆ మూడింట్లో ఏది ఇంకా గాలిలో ఉందో.

3. ఫోను సంగతి తేల్చండి

నా పాత అలారం ఫోనులోనే ఉండేది. మోగగానే చెయ్యి చాపి ఆపేవాణ్ణి. ఆపిన వేలి కిందే మెసేజీల గుర్తు, దాని మీద ఎర్రటి 14. ఒక్కటి చూద్దామని తెరిస్తే ఎవరో ఎవరితోనో గొడవ పడుతుంటారు. ఇరవై నిమిషాల తరవాత ప్రార్థనకు కూర్చుంటే, నా లోపల దేవుడి కన్నా ముందు ఆ గొడవ కూర్చుని ఉండేది. మామూలు అలారం గడియారం ఒకటి కొని, ఫోను ఛార్జరును పక్క గదిలోకి మార్చాక గానీ నా ప్రార్థన దారిన పడలేదు. ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేస్తానంటే ఇదే చేయండి.

మీ ప్రార్థన పాఠం ఫోనులోనే ఉంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుని చదవండి. ఇంకా మంచిది, ఒక కాగితం మీద చేత్తో రాసుకోండి. రాస్తుంటే సగం నోటికి వచ్చేస్తుంది.

4. చోటు, చేతిలో ఏదో ఒకటి

ప్రత్యేకంగా గది అక్కర్లేదు. కానీ ఎప్పుడూ అదే చోటు కావాలి. నాది కిటికీ పక్కన ఒక పాత కుర్చీ. దాని మీద రాత్రి విప్పిన బట్టలు, సగం మడతపెట్టిన తువ్వాలు, ఒక బ్యాగు పేరుకుంటూ ఉండేవి. పొద్దున కూర్చోవాలంటే ముందు వాటిని తీయాలి, తీశాక ఎక్కడ పెట్టాలో చూడాలి, ఈలోపు ఇంకేదో పని కనబడుతుంది. అలా ఎన్ని ప్రార్థనలు ఆ బట్టల కుప్ప మింగేసిందో! ఇప్పుడు రాత్రి పడుకునే ముందు కుర్చీ ఖాళీ చేయడం కూడా నా ప్రార్థనలో భాగమే.

చేతిలో ఏదైనా ఉంటే మంచిది. జపమాలకు 108 పూసలు, ముస్లింల తస్బీహ్ మాలకు 33 లేదా 99, క్యాథలిక్కుల రోజరీ దండకు 59. లెక్కలు వేరు కానీ ఉపయోగం ఒకటే. వేళ్ళకు పని దొరుకుతుంది, ఎన్నయ్యాయో తల గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పూసలు మీ పద్ధతిలో లేకపోతే ఒక నోటుబుక్కు, లేదా రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి.

5. ఏం చెప్పాలి?

సొంత మాటలతో చేస్తేనే నిజమైన ప్రార్థన అని కొందరు, పెద్దలు అందించిన మాటలే చెప్పాలని కొందరు వాదిస్తారు. అలవాటు కోణం నుంచి చూస్తే జవాబు తేలిక. మొదలు తయారుగా ఉన్న మాటలతో, ఆ తరవాత సొంత మాటలతో. మాటలు తోచని రోజున కంఠస్థం వచ్చినవే మోసుకెళ్తాయి.

సొంత మాటల దగ్గర చిక్కేమిటంటే అవి త్వరలోనే అరిగిపోతాయి. "అందరినీ చల్లగా చూడు" అని పదిసార్లు అన్నాక ఆ అందరిలో ఎవరూ కనబడరు. దానికి బదులు "రేపు పదకొండింటికి అన్నయ్యకు స్కాన్ ఉంది, వాడు బయటికి చెప్పడు కానీ భయపడుతున్నాడు" అని చూడండి. గొంతే మారిపోతుంది. నేను నోటుబుక్కులో వారానికి ఏడు పేర్లు రాసుకుంటాను, రోజుకు ఒకటి. ఆ పేరు ముందు అరనిమిషం ఆగి, ఆ మనిషి ఇప్పుడు ఏం చేస్తుంటాడో ఊహించి, అప్పుడు అడుగుతాను. ఏడు పేర్లలో ఒకటి నాకు పడని మనిషిది ఉండేలా చూసుకుంటాను. అది కష్టంగానే ఉంటుంది, ఉండనివ్వండి.

రాత్రి ప్రార్థించేవాళ్ళకు 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్యాథలిక్ గురువు నేర్పిన పద్ధతి బాగా కుదురుతుంది. కృతజ్ఞతతో మొదలుపెట్టి, రోజును గంట గంటగా వెనక్కి తలుచుకోవడం, ఎక్కడ బాగా నడిచాను, ఎక్కడ జారాను అని చూసుకోవడం, క్షమించమని అడిగి రేపటి గురించి ఒక్క మాట అనుకోవడం. దీనికి పుస్తకం అక్కర్లేదు, జరిగిన రోజే చాలు.

6. మనసు పారిపోతుంది

తప్పకుండా పారిపోతుంది. మనసును పట్టుకోవడం గాలిని పట్టుకున్నంత కష్టమని గీతలో అర్జునుడంతటి వాడే ఫిర్యాదు చేశాడు. అది ఎటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చుకోమన్నదే అక్కడ కృష్ణుడు చెప్పిన ఉపాయం. అసలు పోనివ్వకు అనలేదు.

నాకు పనిచేసినవి మూడు. పెదవులు కదిలేలా, నా చెవికి వినబడేంత మెల్లగా పైకి అనడం. మౌనంగా చేస్తే నాలుగో వాక్యానికే నేను ఉండను. రెండు, పక్కన పెన్సిలు పెట్టుకోవడం. కరెంటు బిల్లు కట్టలేదని గుర్తొస్తే "బిల్లు" అని ఒక్క మాట రాసి వదిలేస్తాను. మర్చిపోతానన్న భయం లేకపోతే ఆ ఆలోచన మళ్ళీ తలుపు తట్టదు. మూడు, మళ్ళీ మళ్ళీ వస్తున్న ఆలోచననే ప్రార్థన చేసేయడం. ఆఫీసులో ఎవరో అన్న మాట వదలడం లేదంటే ఆ పూట దాని గురించే దేవుడితో మాట్లాడాలని అర్థం. కూర్చుంటే అసలు కుదరని వాళ్ళు నడుస్తూ చేసుకోవచ్చు.

7. ఏమీ అనిపించని రోజులు

మొదటి రెండు మూడు వారాలు హాయిగా ఉంటుంది. తరవాత ఒక రోజు ఉప్పూ కారం లేనట్టు అయిపోతుంది. ఏదో లోపం జరిగిందని భయపడి పద్ధతి మార్చేస్తారు, పుస్తకం మార్చేస్తారు, కొందరు మానేస్తారు.

ఇది చాలా పాత జబ్బు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి దీన్ని కళ్ళకు కట్టినట్టు రాశాడు. మధ్యాహ్నం వేళ సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట, సన్యాసి ఊరికే కిటికీలోంచి తొంగి చూస్తుంటాడట. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో అవిలా తెరీసా, ప్రార్థన మీద గురువుగా పేరు పొందిన క్రైస్తవ సన్యాసిని, కొన్నేళ్ళ పాటు ప్రార్థన గంట ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నానని తనే రాసుకుంది. అంతటివాళ్ళకే తప్పలేదు మరి.

మనసు పెట్టకుండా చేస్తే అది మొక్కుబడి కాదా అని అడగొచ్చు. మనసు లేకపోయినా ఉన్నట్టు నటిస్తే అది మొక్కుబడి. "ఇవాళ నాకేమీ అనిపించడం లేదు" అని దేవుడితోనే చెప్పేసి మూడు నిమిషాలు కూర్చుంటే అది మొక్కుబడి ఎలా అవుతుంది? ఇలాంటి రోజుల్లో నిడివి పెంచకండి. కొలతకే కట్టుబడండి. అయితే ప్రార్థనలోనే కాకుండా తిండి, నిద్ర, మనుషులు, ఏదీ రుచించకుండా వారాలు గడుస్తుంటే అది వేరే సంగతి, డాక్టరుకు చెప్పుకోవాల్సిన సంగతి. సరిగ్గా పలకలేదన్న భయంతో అదే ప్రార్థనను గంటల తరబడి మొదటి నుంచి చెప్పుకునే వాళ్ళకూ ఇదే మాట. అది భక్తి ఎక్కువై కాదు, దానికి వైద్యం ఉంది.

8. ఎన్నాళ్ళకు అలవాటవుతుంది?

21 రోజులు అని అందరూ అంటారు. ఈ అంకె మూలం ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయ్యాక కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాశారు. నోటా నోటా పడి అందులో "కనీసం" ఎగిరిపోయింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించింది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. తొందరగా వచ్చినవారికి 18, ఆలస్యమైనవారికి 254 పడుతుందని లెక్కగట్టారు. వాళ్ళు చూసింది తినడం, తాగడం, వ్యాయామం లాంటి పనులను, ప్రార్థనను కాదు. అయినా రెండు విషయాలు మనకూ పనికొస్తాయి. తేలిక పనులు త్వరగా అలవాటయ్యాయి. మధ్యలో ఒక్కరోజు తప్పితే అలవాటు పడే తీరు పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి రెండు నెలలు గడిచినా ఇంకా బలవంతంగానే లేస్తున్నానని దిగులు పడకండి.

9. తప్పిపోయిన రోజు

తప్పుతుంది. ప్రయాణం, చుట్టాలు, జ్వరం, ఊరికే బద్ధకం. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, శతాబ్దాలుగా నిలిచిన ప్రార్థనా పద్ధతులెన్నో ఈ రోజును ముందే లెక్కలో వేసుకున్నాయి. సంధ్యావందనంలో వేళ మించితే ఇవ్వాల్సిన ప్రాయశ్చిత్తార్ఘ్యం (పరిహారంగా వదిలే నీళ్ళు) ఉంది. నిద్రపట్టో మరచిపోయో నమాజ్ తప్పితే గుర్తుకు రాగానే దాన్ని కజా చేసుకోవాలి, అంటే వేళ దాటాకైనా చేయాలి. యూదుల్లో ఒక పూట ప్రార్థన పొరపాటున తప్పితే తరవాతి పూట దాన్ని రెండుసార్లు చెప్పే పద్ధతి ఉంది. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో నాకు భలే నచ్చిన ఏర్పాటు ఒకటుంది: రాత్రి ప్రార్థనలో మొదట్లో వచ్చే ఒక కీర్తనను బాగా సాగదీసి మెల్లగా పాడాలి, ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఈలోపు అందుకోవడానికి. అంత కట్టుదిట్టమైన మఠంలోనూ నిద్రమొహంతో పరుగెత్తుకొచ్చే సన్యాసుల కోసం పాట నెమ్మదించింది.

మన సొంత నియమానికీ అలాంటి ఏర్పాటు ముందే చేసి పెట్టుకోవాలి. తప్పిన రోజున కూర్చుని ఆలోచిస్తే సిగ్గు అడ్డొస్తుంది. నా ఏర్పాటు ఇది.

గుర్తుకొచ్చిన చోటే, గుర్తుకొచ్చిన నిమిషానే మొదలుపెట్టడం. బస్సులో నిలబడి ఉన్నా సరే. సోమవారం నుంచి, ఒకటో తారీఖు నుంచి అనే మాటలు నా దగ్గర నిషేధం.

నాకు నేను పెట్టుకున్న ప్రార్థనకు బాకీ కట్టను. మూడు రోజులు తప్పితే నాలుగో రోజు చేసేది మూడు నిమిషాలే, పన్నెండు కాదు. బాకీ పెరిగేకొద్దీ అప్పు ఇచ్చినవాడి ఇంటి ముందు నుంచి పోవడం మానేస్తాం కదా, ఇదీ అంతే. మతం విధించిన ప్రార్థన అయితే దాని నియమం ఎలా ఉంటే అలా.

తిరిగొచ్చిన రోజు సంజాయిషీ చెప్పను. మొదటి మాట "వచ్చాను". తరవాత మామూలు ప్రార్థన.

వరసగా ఎన్ని రోజులు చేశారో చూపించే యాప్‌లు కొందరికి ఉత్సాహాన్నిస్తాయి. నేను వాడి మానేశాను. 40 దాకా పెరిగిన అంకె ఒక్క రాత్రికి సున్నా అయితే, ఆ 40 రోజులూ ఎక్కడికో పోయినట్టు అనిపించింది. దానికి బదులు తప్పిన రోజునే రాసుకుంటున్నాను, తేదీ వేసి, పక్కన కారణం ఒక్క మాటలో: "ప్రయాణం", "కోపం", "ఊరికే". రాసేది ఆ పాత నోటుబుక్కులోనే, పన్నెండో పేజీ నుంచి.

ఆరు నెలల తరవాత ఆ పేజీలు చూస్తే సగానికి పైగా ఆదివారాలే ఉన్నాయి. భక్తి తగ్గిందేమో అనుకున్నాను. అది కాదు. ఆదివారం నేను ఎప్పుడో లేచి, ముందు పేపరు చదివి, ఎవరితోనో మాట్లాడి, పళ్ళు తోముకునేటప్పటికి పది అవుతుంది, అప్పటికి కుర్చీలో ఇంకెవరో ఉంటారు. నా కొక్కెం ఆరు రోజులకే సరిపోయింది. ఇప్పుడు ఆదివారానికి వేరే కొక్కెం పెట్టాను: స్నానం చేసి తలుపు తీయగానే, తల తుడుచుకుంటూ, అక్కడే నిలబడి.